ఆరుద్ర నక్షత్ర పరిరక్షణ సంఘం

మా మేనత్త ఆరుద్ర నక్షత్రంలో పుట్టింది. ఈ సంగతి రేపల్లెలో తెలియనివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు అప్పుడే రైలు దిగినవాళ్ళయి ఉండాలి. వాళ్ళకి కూడా రిక్షా స్టాండు చేరేలోపు తెలిసిపోయేది.

ఆరుద్ర శివుడి నక్షత్రం. ఇరవై ఏడు నక్షత్రాల్లో దానికున్నంత కోపం ఇంకోదానికి లేదని మా అత్త నమ్మకం. ఎవరినైనా కేకలేశాక, కాస్త నెమ్మదించి, "నేను కాదురా, నా నక్షత్రం అలాంటిది" అనేది. ఆ నక్షత్రం ఒకసారి కేకేస్తే భట్టిప్రోలు దాటిన బస్సు వెనక్కి వచ్చి ఆవిడని ఎక్కించుకు వెళ్ళిందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. నేను చూడలేదు. కానీ ఆ రూటులో కండక్టర్లు మా అత్త కనపడగానే లేచి నిలబడటం మాత్రం చూశాను.

భట్టిప్రోలు పక్కన ఆవిడకి కాస్త పొలం ఉండేది. మావయ్య పోయాక ఒక కౌలురైతుని పెట్టుకుని ఆవిడే చేయించేది. ఏటా ఆరుద్ర కార్తె రాగానే నారు పోయించేది. డెల్టాలో మిగతా రైతులంతా కాలవకి నీళ్ళెప్పుడొదులుతారా అని ఎదురుచూస్తే, కాలవ నీళ్ళు మా అత్త ఎప్పుడు రమ్మంటుందా అని లాకుల దగ్గర నిలబడి ఉండేవి. సోమవారం సోమవారం శివాలయంలో గోత్రం, నక్షత్రం చెప్పి అర్చన చేయించుకునేది. పూజారిగారు "ఆరుద్ర నక్షత్రే" అన్నప్పుడు గొంతు పెంచకపోతే మళ్ళీ చెప్పించేది.

ఇలాంటి మనిషికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి. రెండు కళ్ళకీ. మొదట్లో దీపం చూస్తే నాలుగు దీపాలు కనపడుతున్నాయంది. ఖర్చు లేకుండా దీపావళి వచ్చిందని సంతోషించింది కూడా. తర్వాత ఆ నాలుగూ కలిసి ఒక మసక ముద్దయ్యాయి. తెనాలిలో కళ్ళ డాక్టరుకి చూపిస్తే ఆయన టార్చిలైటు వేసి చూసి, "బాగా ముదిరిందమ్మా. వచ్చే వానాకాలం దాటనిస్తే కన్ను దక్కదు" అన్నాడు. అత్త బుద్ధిగా తలూపింది. ఆపరేషనుకి రోజు కూడా ఖాయమైంది. ఆవిడ ఎదుటివాళ్ళ మాట వినడం మా వంశ చరిత్రలో అదే మొదటిసారి కాబట్టి, మేమంతా ఎక్కడివాళ్ళం అక్కడ ఊపిరి బిగబట్టి ఉన్నాం.

ఆ సమయంలో బాపట్ల నుంచి మా బావ వచ్చాడు.

బావ అంటే మా అక్క మొగుడు. బాపట్లలో ఫిజిక్సు లెక్చరరు. లోకంలో ఏది జరిగినా అది ఎందుకు జరిగిందో చెప్పకపోతే ఆయనకి అన్నం అరగదు. టీ ఇస్తే, అది ఎందుకు చల్లారుతుందో చెబుతూ చల్లార్చి, చల్లారిన టీ తాగి, ఎవరిదో తప్పన్నట్టు మొహం పెట్టేవాడు. తోకచుక్క వచ్చి ఎవరికీ కనపడకుండా వెళ్ళిపోయిన కొన్నేళ్ళకి జరిగిన సంగతి ఇది. ఆ తోకచుక్క కనపడకపోవడానికి కారణాలు ఆయన అప్పటికింకా చెబుతూనే ఉన్నాడు.

మాఘమాసం, ఆదివారం, చీకటి పడే వేళ. అందరం రేపల్లెలో అత్త డాబా మీద ఉన్నాం. నేనప్పుడు తెనాలిలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు పాసింజరు బండిలో వచ్చి అత్త చేతి పులుసు తిని పోతుండేవాణ్ణి. బావ ఆకాశం వైపు చెయ్యి చాపి పాఠం మొదలుపెట్టాడు.

"అదిగో, మూడు చుక్కలు వరసగా ఉన్నాయా? వాటికి పైన ఎర్రగా ఒకటుంది చూడండి. అదే ఆరుద్ర."

అత్త ఒక్కసారి తలెత్తింది. ఆవిడకి కనపడేది ఉడికిన పప్పులాంటి ఆకాశం. అయినా చేతులు జోడించింది.

"ఎలా ఉంది అల్లుడూ?" అంది, ఊళ్ళో ఉన్న చుట్టాన్ని అడిగినట్టు.

ఏ అల్లుడైనా "బాగుందండి" అంటాడు. మా బావ చదువుకున్నవాడు.

"చచ్చిపోతోందండి అత్తయ్యగారూ."

డాబా మీద ఎవరూ కదల్లేదు. మా అక్క చేతిలో ఉన్న మరచెంబు మాత్రం కింద పడింది.

"ఏమైంది దానికి?" అంది అత్త.

"లోపల ఇంధనం అయిపోవచ్చిందండి. అందుకే ఉబ్బిపోయి అలా ఎర్రబడింది."

"వాచిందా?"

"వాచిందనే అనుకోండి."

అత్త నెమ్మదిగా మంచం మీద కూచుంది. "మీ మావయ్యకీ ఆఖర్లో కాళ్ళు వాచాయి" అంది.

మరునాడు పొద్దున ఆపరేషను వద్దంది. ఎందుకత్తా అంటే ఆవిడ చెప్పిన సమాధానం ముందు మా చదువులేవీ నిలబడలేదు. "నా నక్షత్రమే పోతోందంటే నాకు పిలుపొచ్చినట్టేగా. పోయేదానికి కళ్ళెందుకురా? తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళకి దారి తెలుసు."

బావ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి చాలా ప్రయత్నించాడు. "ఇప్పుడిప్పుడే కాదండి అత్తయ్యగారూ, ఇంకో లక్ష ఏళ్ళు పట్టొచ్చు."

"లక్ష ఏళ్ళంటే కలియుగం అయ్యేలోపా, అయ్యాకా?"

బావ మనసులో లెక్క వేసుకున్నాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి. "అయ్యేలోపేనండి" అన్నాడు.

"మరింకేం?" అంది అత్త, కేసు గెలిచిన ప్లీడరులా.

ముందు ఆవిడ తనవైపు నుంచి చెయ్యగలిగింది చేసింది. శివాలయానికి వెళ్ళి, తనని ఆరుద్ర నుంచి పునర్వసుకి మార్చమని పూజారిగారిని అడిగింది. పక్కనే కదా, పెద్ద దూరం కూడా కాదు. పూజారిగారు వినయంగా, "జన్మ నక్షత్రానికి బదిలీలు లేవమ్మా" అన్నారు. "పాదమైనా మార్చండి" అంది. అదీ కుదరదన్నారు. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు ఎవరినీ తిట్టలేదు. అప్పుడు మాకు నిజంగా భయమేసింది.

బావ, అక్క, నేను వంటింట్లో సమావేశమయ్యాం. నక్షత్రాన్ని నిలబెడితే తప్ప ఆవిడ ఆసుపత్రికి రాదు. నిలబెట్టడం మా వల్ల కాదు. కాబట్టి నిలబెడుతున్నట్టు కనపడాలి. ఇందులో నాకు కొంత అనుభవం ఉంది. ఆ రోజుల్లో తెనాలిలో దేన్నయినా కాపాడటానికి ఒక సంఘం ఉండేది. వంతెన కూలితే వంతెన పరిరక్షణ సంఘం, బండి ఆగకపోతే రైల్వే హాల్టు సాధన సంఘం. మా వీధి కుళాయికి కూడా ఒకటుండేది. దానికి నేనే కార్యదర్శిని. ఆ కుళాయి చివరికి పోయింది గానీ, పోరాటంలో లోపం లేదు.

అలా ఆరుద్ర నక్షత్ర పరిరక్షణ సంఘం పుట్టింది. అధ్యక్షుడు బావ. జరిగిందంతా ఆయన వల్లే కాబట్టి పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. కార్యదర్శిని నేను, అందుకని రోజూ రేపల్లె నుంచే తెనాలి ఆఫీసుకి వెళ్ళొచ్చేవాణ్ణి. అక్కని బాపట్ల వెళ్ళనివ్వకుండా అత్త దగ్గరే ఉంచాం. ఏ పదవీ ఇవ్వలేదు, పనంతా మాత్రం అప్పగించాం. ఆ విషయంలో మా సంఘం దేశంలోని మిగతా సంఘాలకి ఏమాత్రం తీసిపోలేదు.

అత్త మంచం దగ్గర నిలబడి ఆశయాలు వినిపించాను. ఆవిడ ఇటు తిరిగింది.

"నమ్మకం కుదిరితే ఆసుపత్రికి వస్తా. ముందు మీరేం చేస్తారో చూస్తా" అంది.

మొదటి కార్యక్రమంగా రిలే నిరాహార దీక్ష పెట్టాం. అత్త ఇంటి అరుగు మీద టెంటు వేసి, దండలు తెప్పించి, ఉదయం టిఫినుకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య ఒకరి తర్వాత ఒకరు ఆహారం ముట్టకుండా కూచున్నాం. నా వంతు వచ్చిన రోజున పెసరట్టు తినడం ఆలస్యమై దీక్ష కొంచెం కుదించాల్సి వచ్చింది. దారినపోయేవాళ్ళు ఆగి దేనికని అడిగేవాళ్ళు. నక్షత్రం కోసమంటే, "ఆహా" అని కాసేపు కూచుని వెళ్ళేవాళ్ళు. రేపల్లెలో దీక్ష చేసేవాళ్ళని మరీ గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు.

పక్కింటి టీచరమ్మగారు కూడా వచ్చింది. ఆవిడ లూథరన్ చర్చిలో ముందు వరసలో కూచునే మనిషి. మా అత్తని వదినగారూ అని పిలిచేది. ఇద్దరికీ మధ్య గోడ ఒకటే, కరివేపాకు చెట్టు ఒకటే.

"శుక్రవారం కూటంలో ప్రార్థన చేయిస్తాను వదినగారూ. ఏమని చెప్పమంటారు?"

"ఆరుద్ర అని చెప్పండి చాలు. నా పేరు అక్కర్లేదు, ఆయనకి తెలుసు."

"నక్షత్రాలకి ప్రార్థన ఎప్పుడూ పెట్టలేదు. పాస్టరుగారు ఏమంటారో."

"తూర్పున నక్షత్రం లేకపోతే మీ పండగే లేదు కదమ్మా. ఆ మాట చెప్పండి ఆయనకి."

టీచరమ్మగారు ఆలోచించి, అది న్యాయంగానే ఉందంది. ఆ శుక్రవారం ప్రార్థన జరిగింది.

కానీ అత్తకి దీక్షల మీద గురి కుదర్లేదు. "మీరు అన్నం మానేస్తే దానికేం వస్తుందిరా? దానికి అయిపోయింది ఇంధనమని కదూ అల్లుడు చెప్పింది? నూనె అయిపోయిన దీపానికి ఏం చేస్తారు?"

"నూనె పోస్తాం" అన్నాను.

"మరి పొయ్యరేం?"

అప్పుడు ఆవిడకి ఆకాశదీపం ఆలోచన వచ్చింది. కార్తీకమాసంలో గుళ్ళో ధ్వజస్తంభానికి చిల్లుల ఇత్తడి పాత్రలో దీపం పెట్టి పైకి లాగుతారు కదా, అలాంటిది డాబా మీద రోజూ పెట్టాలంది. పూజారిగారు వచ్చి, ఇది మాఘమాసం, కార్తీకం దాటిపోయింది, ఇప్పుడు పెట్టకూడదన్నారు.

"ఒంట్లో బాగోకపోతే మందు ఏ నెలలో వేస్తారండి?" అంది అత్త.

కౌలురైతు తాటిచెట్టంత వెదురు గడ తెచ్చి డాబా మీద పాతి, బావిగిలక కట్టాడు. ఆ గడ ఎత్తు గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకునేవాళ్ళు. నిజాంపట్నం బోట్లవాళ్ళు దాన్ని చూసి దారి తప్పి కాలవలోకి వచ్చారన్నది మాత్రం నేను నమ్మను. మహా అయితే ఒక బోటు వచ్చి ఉంటుంది.

రోజూ చీకటి పడగానే అత్త తన చేత్తో నూనె పోసేది. చెయ్యి తడుముకుంటూ పోసేది కాబట్టి సగం నూనె నా చొక్కా మీద పడేది. ఆ తర్వాత అసలు ఘట్టం మొదలయ్యేది. ఆవిడ కిందికి వెళ్ళి వరండాలో కుర్చీలో కూచునేది. మాలో ఎవరో ఒకరు డాబా మీద నుంచి నక్షత్రాన్ని చూసి వచ్చి, దాని ఆరోగ్యం ఎలా ఉందో చెప్పాలి. పెద్ద నాయకులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రేడియోలో చెప్పినట్టు చెప్పాలి.

మొదటి వారం "నిలకడగా ఉంది" అన్నాం. రెండో వారం "కాస్త తేరుకుంది" అన్నాం. చైత్రం వచ్చేసరికి అక్క చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ నోట్లో అది లేచి కూచుని కబుర్లు చెప్పే స్థితికి వచ్చేసింది. బావ వచ్చిన ఆదివారాల్లో మాత్రం "మార్పేమీ లేదండి" అనేవాడు. ఆయన్ని డాబా ఎక్కనివ్వకుండా కొబ్బరికాయలు ఒలిపించేవాళ్ళం.

అత్త మొహంలో కళ వచ్చింది. నన్ను తిట్టడం మళ్ళీ మొదలుపెట్టింది. వైశాఖంలో ఆపరేషనుకి ఒప్పుకున్నంత పని చేసింది. ఇంకొక్క వారం అలాగే నడిచి ఉంటే తెనాలి బండి ఎక్కించేసేవాళ్ళం.

ఆ వారంలో నా వంతు వచ్చింది. ఉక్కగా ఉన్న సాయంత్రం. నేను డాబా ఎక్కేసరికి మబ్బు పట్టి ఉంది. కాసేపటికి వేసవి వాన మొదలైంది. ఆకాశంలో ఆరుద్ర కాదు కదా, ఆకాశమే లేదు. అయినా డ్యూటీ డ్యూటీయే. మెట్లు దిగి వచ్చి, గొంతు సవరించుకుని, "ఈరోజు కళకళలాడుతోందత్తా. ఇంత బాగా ఎప్పుడూ లేదు" అన్నాను.

వరండా మీద రేకుల కప్పు. దాని మీద వాన దబదబా కొడుతోంది.

"ముందు తల తుడుచుకో" అంది అత్త.

తుడుచుకున్నాను. చాలాసేపు పట్టింది. చివరికి, "మీ అక్క చెప్పినవి కూడా ఇలాంటివేనా?" అంది.

"అక్క చెప్పినవి ఇంకా ఎక్కువత్తా" అన్నాను.

ఆ రోజు నుంచి సంఘం మాట చెల్లలేదు. ఇక మీదట కౌలురైతు చెబితేనే నమ్ముతానంది. అతను మంచి మనిషి. మంచివాడు కావడమే మా కొంప ముంచింది. రోజూ పొలం నుంచి వచ్చి డాబా ఎక్కి, చూసింది చూసినట్టు చెప్పేవాడు. "పడమటికి ఒంగిందమ్మా." తర్వాత, "బాగా కిందికి దిగిందమ్మా." తర్వాత, "పొద్దుతో పాటే కుంగిపోతోందమ్మా." జ్యేష్ఠంలో ఒకరోజు చాలాసేపు పైనే ఉండిపోయి, దిగివచ్చి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"లేదమ్మా" అన్నాడు.

అత్త లేచి పెరట్లోకి వెళ్ళి, బావి దగ్గర తలారా స్నానం చేసింది.

మరునాటి నుంచి పరామర్శకి జనం రాసాగారు. రేపల్లె వాళ్ళకి పరామర్శ అంటే ప్రాణం. చాప పరిస్తే చాలు. టీచరమ్మగారు అందరికంటే ముందు వచ్చి అత్త చెయ్యి పట్టుకుని, "ఎప్పుడు పోయిందండి వదినగారూ?" అంది. "ఖాయంగా తెలీదమ్మా. సాయంత్రానికి లేదు" అంది అత్త. నేను గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చాను. దగ్గరివాళ్ళు పోయినప్పుడు మగవాళ్ళు చెయ్యగలిగిన పని అదొక్కటే.

ఇంతవరకూ అయితే మేం సర్దుకుపోయేవాళ్ళం. కానీ ఆరుద్ర కార్తె వచ్చేసింది. విత్తనాలు నానబెట్టి, మొలకెత్తడానికి గోనెల్లో మండె కట్టి ఉంచారు. అవి మొలకలెత్తుతున్నాయి. కౌలురైతు వచ్చి, "అమ్మా, చల్లాలి" అన్నాడు.

"మైలలో విత్తనం చల్లుతామా?" అంది అత్త.

"అది కాదమ్మా, ఇంకో రెండు రోజులైతే పనికిరావు."

"ఆరుద్రే లేకపోతే ఇంక ఆరుద్ర కార్తె ఎక్కడిది? ఎవరి కార్తెలో చల్లుతావు?"

అతను నా వైపు చూశాడు. నేను విత్తనాల వైపు చూశాను. అవి నిజంగానే మొలకలెత్తి ఉన్నాయి. డాక్టరు చెప్పిన వానాకాలం కూడా మొదలైపోయింది. అత్త అప్పటికి గడప తగిలి రెండుసార్లు పడబోయింది. మావయ్య ఫోటో అనుకుని క్యాలెండరుకి దణ్ణం పెడుతోంది. ఇక లాభం లేదని మొదటి బండికి తెనాలి వెళ్ళి, అక్కడి నుంచి బాపట్ల వెళ్ళి బావని పట్టుకున్నాను. ఆయన వీధిలో పాలవాడికి పాలు ఎందుకు పొంగుతాయో చెబుతున్నాడు. పాలవాడి సైకిలు నేను వెళ్ళేసరికే ఒక చక్రం మీద వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉంది.

"బావా, నక్షత్రం పోయిందంట" అన్నాను.

"పోవడమేంటి? సూర్యుడు అడ్డం వచ్చాడు. ఈ రోజుల్లో ఎప్పుడూ కనపడదు" అన్నాడు.

"ఏటా ఇంతేనా?"

"ఏటా ఇంతే."

"మరి చెప్పవేం?"

"నువ్వు కొబ్బరికాయలు ఒలవమంటివిగా!"

సాయంత్రానికి రేపల్లె చేరాం. బావ వరండాలో ప్రయోగం ఏర్పాటు చేశాడు. మధ్యలో పెట్రోమాక్సు దీపం పెట్టి, అది సూర్యుడన్నాడు. అత్తని కుర్చీలో కూచోబెట్టి, ఆవిడే భూమి అన్నాడు. దాన్ని ఎవరూ కాదనలేదు. నన్ను దీపానికి అవతల ఒక నిమ్మకాయ పట్టుకుని నిలబడమన్నాడు. ఆ నిమ్మకాయ ఆరుద్ర.

"దీపం అడ్డంగా ఉంది కాబట్టి నిమ్మకాయ కనపడట్లేదు. అవునాండి అత్తయ్యగారూ?"

"అవును."

"ఇప్పుడు మీ కుర్చీ ఇటు జరుపుతాను. ఇప్పుడు కనపడుతోందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"నాకు నువ్వే కనపడవు కదయ్యా" అంది అత్త.

బావ పెట్రోమాక్సు పక్కన నిలబడి చెమటలు తుడుచుకున్నాడు. అప్పుడు అరుగు మీద కూచుని ఉన్న పూజారిగారు లేచి వచ్చారు. ఆయన పరామర్శకి వచ్చినవాళ్ళలో ఒకరు. అంతకుముందే అత్త దినకర్మ సంగతి అడిగితే, కనపడకుండా పోయినవాళ్ళకి పన్నెండేళ్ళు ఎదురుచూడాలి, అప్పుడే తొందరెందుకమ్మా అని దాటవేసి ఉన్నారు.

"అమ్మా, ఈయన చెప్పేది నాకు ఇప్పుడు తట్టింది. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలోకి వెళ్ళి ఉండటమేగా? ఇంటికి పెద్ద చుట్టం వచ్చి కూచున్నాడు. ఇంటావిడ వంటింట్లో ఉంది. బయటికెలా కనపడుతుంది?"

అత్త తలెత్తింది. "అంటే లోపలుందా?"

"లోపలే ఉందమ్మా."

"పంతులుగారూ, మరి ఇన్నేళ్ళుగా ఆరుద్రలో నారు పోయిస్తున్నాను. మీరు ఇన్నేళ్ళుగా పంచాంగం చెబుతున్నారు. ఒక్క ఏడు కూడా తలెత్తి చూళ్ళేదా మనం?"

పూజారిగారు నిజాయితీగా, "ఈ రోజుల్లో మబ్బులేగా అమ్మా, చూడాలని తోచలేదు" అన్నారు. బావ, ఆయన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఒకే సంగతి చెరో వైపు నుంచి చెబుతున్నట్టు ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

అత్త కౌలురైతుని పిలిచి విత్తనం చల్లమంది. అతను ఇంకా మాట పూర్తి కాకముందే సైకిలెక్కాడు. తర్వాత బావని అడిగింది. "చుట్టం ఎప్పుడు వెళతాడు?"

"శ్రావణం నాటికి తెల్లవారుజామున తూర్పు వైపు బాగా కనపడుతుందండి. మేం చూసి చెబుతాం."

"మీరా?" అంది అత్త.

నేను నిమ్మకాయ ఇంకా పట్టుకునే ఉన్నాను.

"మీరు చెబితే నమ్మను. వాన్లో కళకళలాడిందన్నవాళ్ళు మీరు. కౌలురైతు లోపలున్నదాన్ని లేదన్నాడు. పంతులుగారు నా మనసు నొప్పించరు, టీచరమ్మ అసలే నొప్పించదు. ఉందో లేదో నేనే చూడాలి." ఒక్క క్షణం ఆగింది. "ఆ డాక్టరు దగ్గరికి ఎల్లుండి బండికి వెళదామా, రేపే వెళదామా?"

సంఘం పుట్టిన నాటి నుంచి చేసిన పోరాటాలన్నీ కలిపి సాధించలేనిది, నా తడిసిన తల సాధించింది. దీన్ని మినిట్సులో రాసుకోలేదు.

తెనాలిలో ఒక కంటికి ఆపరేషను జరిగింది. డాక్టరు కట్టు కట్టి జాగ్రత్తలు చెప్పాడు. తల విదిలించకూడదు, వంగకూడదు, గట్టిగా అరవకూడదు. ఆ చివరిదాని వల్ల రేపల్లెలో నెల రోజులపాటు వింత నిశ్శబ్దం ఆవరించింది. కాకులు అయోమయంగా తిరిగాయి. కండక్టర్లు ఇంటికొచ్చి క్షేమం అడిగి వెళ్ళారు. తర్వాత సీసా అడుగంత మందం కళ్ళద్దాలు వచ్చాయి. వాటిలోంచి చూస్తే అత్త కళ్ళు ఒక్కోటీ సోడాకాయంత కనపడేవి. ఎదుటివాళ్ళకి లోపల ఏ తప్పూ దాచుకోవడానికి వీలుండేది కాదు.

శ్రావణంలో చాలా రోజులు మబ్బులే. రోజూ తెల్లవారుజామున ఆవిడ లేవడం, నన్ను లేపడం, తిరిగి పడుకోవడం. చివరికి ఒకరోజు వాన కురిసి వెలిసింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. బావ కూడా ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాడు. ముగ్గురం డాబా ఎక్కాం. పక్క డాబా మీద టీచరమ్మగారు శాలువా కప్పుకుని అప్పటికే నిలబడి ఉంది.

అత్త ముందు వెదురు గడ చూసింది. "ఇది వంకరగా పాతారు" అంది. తర్వాత నన్ను చూసింది. "నీ జుట్టేంట్రా ఇలా అయింది?" అంది. ఆ తర్వాత తూర్పుకి తిరిగింది.

బావ చెయ్యి చాపి చూపించాడు. ఆవిడ ఆ చెయ్యి వెంట చూపు పంపి, మూడు చుక్కల వరస పట్టుకుని, అక్కణ్ణించి పక్కకి వెళ్ళి ఆగింది. ఎక్కడో తొలి బస్సు స్టార్టు చేస్తున్న చప్పుడు.

"ఇదేనా?"

"ఇదేనండి."

"ఎర్రగా ఉంది."

"అవునండి."

చాలాసేపు చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ పేరు చెప్పుకుంటూ, ఎప్పుడూ కలవని మనిషిని మొదటిసారి చూసినట్టు చూసింది. చేతులు జోడించడం మర్చిపోయింది.

"వాపేం కనపళ్ళేదు" అంది చివరికి.

టీచరమ్మగారు అవతలి డాబా మీద నుంచి, "దేవుడికి స్తోత్రం వదినగారూ" అంది. అంతా బాగానే ఉంది. కానీ నాకు బావ మొహం కనపడుతోంది. పొయ్యి మీద మూత కదిలినట్టు ఆయన పెదాలు కదులుతున్నాయి. రెండో కంటికి ఆపరేషను ఇంకా కావాల్సి ఉంది. ఆయన కాలు తొక్కాను. కాలు తొక్కితే ఆగే శాస్త్రం కాదది.

"అత్తయ్యగారూ, ఒక్క మాట. మనం ఇప్పుడు చూస్తున్న వెలుగు దాని దగ్గర కొన్ని వందల ఏళ్ళ కిందట బయల్దేరిందండి. అది ఈ మధ్యలో పోయి ఉన్నా, వెలుగు మాత్రం ఇలాగే వస్తూ ఉంటుంది. ఉందో లేదో నిజానికి మనకి తెలీదు."

నేను డాబా అంచు పట్టుకున్నాను. టీచరమ్మగారు శాలువా ముడేసుకుంది. మళ్ళీ టెంటు, మళ్ళీ దీక్ష, మళ్ళీ పెసరట్లు నా కళ్ళ ముందు కదిలాయి.

అత్త కళ్ళద్దాలు సర్దుకుని బావ వైపు తిరిగింది.

"మీ మావయ్య పోయి ఎన్నేళ్ళయింది అల్లుడూ?"

"పదేళ్ళు దాటిందండి."

"ఈ ఇంటికి కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తోంది?"

"మావయ్యగారి పేరు మీదేనండి."

"ఇంట్లో లైట్లు వెలుగుతున్నాయా, లేదా?"

"వెలుగుతున్నాయండి."

"మరి?"

అత్త ఇంకోసారి తూర్పుకి చూసి, ఈసారి గుర్తొచ్చి దణ్ణం పెట్టుకుంది. "ఆ దీపం దింపేయండి, నూనె దండగ. రెండో కంటికి ఎప్పుడు రమ్మన్నాడు డాక్టరు?" అంటూ మెట్ల వైపు నడిచింది. నెలల తరబడి ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని దింపిన మనిషి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతోంది. నాలుగు మెట్లు దిగి ఆగిపోయింది.

"ఏంటిది?" అంది, పైకప్పు మూల చూస్తూ. "ఈ బూజు ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

ఆరుద్ర నక్షత్ర పరిరక్షణ సంఘం కార్యవర్గం ఆ రోజు సాయంత్రం దాకా ఇల్లంతా బూజు దులిపి, ఆ తర్వాత తనని తానే రద్దు చేసుకుంది.